ఉరుగ్వే పురుషుల జాతీయ ఫుట్‌బాల్ జట్టు

ఉరుగ్వే పురుషుల జాతీయ ఫుట్‌బాల్ జట్టు అంతర్జాతీయ పోటీల్లో ఉరుగ్వే తరఫున ఆడే జట్టు. దీన్ని నడిపేది 1900లో ఏర్పడిన ఉరుగ్వే ఫుట్‌బాల్ సంఘం. దక్షిణ అమెరికా సమాఖ్య కాన్‌మెబాల్ స్థాపక సభ్యుల్లో ఈ సంఘం ఒకటి. జట్టు 1930, 1950లలో ప్రపంచ కప్‌ను, 1924, 1928లలో ఒలింపిక్ స్వర్ణాన్ని, 15 సార్లు దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్‌ను (నేటి కోపా అమెరికా) గెలిచింది. దేశ జనాభా సుమారు 35 లక్షలు. ప్రపంచ కప్ గెలిచిన దేశాల్లో జనాభా పరంగా ఇదే అతి చిన్నది. ఈ కారణంగా జట్టు చరిత్రను ఒక అద్భుతంగా చెప్పే అలవాటు ఉంది. అయితే తొలి విజయాల కాలానికి ఇక్కడ ఆట వేళ్లూని చాలా ఏళ్లయింది. పొరుగు దేశమైన అర్జెంటీనాతో ఏటా పోటీలు జరుగుతుండేవి, సంఘానికీ ఒక రూపం ఏర్పడింది. ఈ మూడూ అప్పటికి ప్రపంచంలో చాలా దేశాలకు లేవు.

పేరు, దుస్తులు

జట్టును అభిమానులు 'లా సెలెస్తె' అంటారు. స్పానిష్‌లో సెలెస్తె అంటే ఆకాశ నీలం. తొలి దశాబ్దంలో జట్టుకు స్థిరమైన రంగంటూ లేదు. 1910 ఏప్రిల్‌లో మాంటెవీడియోకు చెందిన రివర్ ప్లేట్ క్లబ్బు, ఆనాడు అర్జెంటీనాలో తిరుగులేని జట్టయిన అలుమ్నైని 2-1తో ఓడించింది. ఆ రోజు రివర్ ప్లేట్ ఆటగాళ్లు లేత నీలం చొక్కాలు తొడుక్కున్నారు. ఆ గెలుపునకు గుర్తుగా జాతీయ జట్టు అదే ఏడాది ఆగస్టు 15న అర్జెంటీనాపై అదే రంగుతో దిగి 3-1తో నెగ్గింది. అప్పటి నుంచి ఆ రంగు మారలేదు. లాగు, మేజోళ్లు నలుపు. ఎరుపు చొక్కాను 1935లో లీమాలో జరిగిన దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్‌లో వాడారు. ఆ టైటిల్ దక్కడంతో ఎరుపు చాలాకాలం రెండో రంగుగా కొనసాగింది.

జట్టుకున్న మరో పేరు 'చర్రూవాలు'. స్పానిష్ వలసకు ముందు ఆ ప్రాంతంలో నివసించిన ఆదివాసుల పేరది. 1831లో సల్సిపుయెదెస్ వద్ద కొత్త గణతంత్రపు సైన్యమే వారిని ఊచకోత కోసింది. తాను తుడిచిపెట్టిన జాతి పేరునే ఆ దేశం తన పోరాట పటిమకు గుర్తుగా పెట్టుకుంది.

ఆవిర్భావం

ఉరుగ్వేకు ఫుట్‌బాల్ బ్రిటిష్ రైల్వేలు, బ్యాంకులు, పాఠశాలలతో పాటే వచ్చింది. మాంటెవీడియో ఇంగ్లిష్ హైస్కూల్ ఉపాధ్యాయుడు విలియం లెస్లీ పూల్ తన విద్యార్థులకు ఆట నేర్పాడు. ఆల్బియన్ క్లబ్బు, రైల్వే ఉద్యోగుల క్రికెట్ క్లబ్బు రెండూ 1891లో పుట్టాయి. ఆ రైల్వే క్లబ్బు నుంచే తరువాత పెన్యరోల్ రూపుదిద్దుకుంది. బ్రిటిష్‌వారి చేతుల్లో ఉన్న ఆటను స్థానికులు తమదిగా చేసుకునే క్రమంలో 1899లో నాసియొనల్ ఏర్పడింది. ఈ రెండు క్లబ్బుల పోటీ నేటికీ దేశ ఫుట్‌బాల్‌కు ఇరుసు.

ఉరుగ్వే, అర్జెంటీనాల మధ్య లా ప్లాటా నది ముఖద్వారం మాత్రమే అడ్డు. 1901 మే 16న మాంటెవీడియోలో జరిగిన పోటీలో అర్జెంటీనా 3-2తో గెలిచింది. ఆ రోజు ఆతిథ్య జట్టులో అత్యధికులు ఆల్బియన్ ఆటగాళ్లే. అందువల్ల 1902 జూలై 20న 0-6తో ఓడిన పోటీనే తొలి అధికారిక పోటీగా లెక్కించడం పరిపాటి. 1903 సెప్టెంబర్ 13న బ్యూనస్ ఎయిరిస్‌లో ఉరుగ్వే 3-2తో తొలి విజయం సాధించింది. ఆ రోజు బరిలో దిగిన పదకొండు మందీ నాసియొనల్ ఆటగాళ్లే. ఆ తరువాత లిప్టన్, న్యూటన్ కప్పుల పేరిట ఈ పోటీలు ఏటా జరిగేవి. రెండు జట్లూ ఇప్పటికి దాదాపు 200 సార్లు తలపడ్డాయి. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో ఇన్ని సార్లు ఆడిన జోడీలు చాలా అరుదు.

ఖండ పోటీ, గ్రదీన్

1916లో అర్జెంటీనా స్వాతంత్ర్య శతాబ్ది సందర్భంగా బ్యూనస్ ఎయిరిస్‌లో నాలుగు దేశాల టోర్నీ జరిగింది. ఆ టోర్నీ నడుస్తుండగానే, జూలై 9న, ఉరుగ్వేకు చెందిన ఎక్తర్ రివదావియా గోమెస్ చొరవతో కాన్‌మెబాల్ ఏర్పడింది. తొలి పోటీలో ఉరుగ్వే 4-0తో చిలీని చిత్తు చేసింది. ఉరుగ్వే ఆఫ్రికన్లను ఆడించిందంటూ చిలీ ప్రతినిధులు అభ్యంతరం చెప్పారు. వారు వేలెత్తి చూపింది ఇసబెలీనో గ్రదీన్, హువాన్ దెల్గాదోలను. ఇద్దరూ ఉరుగ్వేలోనే పుట్టినవారు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి. అభ్యంతరం నిలవలేదు. ఆ పోటీలో రెండు గోల్స్ కొట్టిన గ్రదీన్ పరుగు పందాల్లోనూ ఖండ ఛాంపియన్. నల్లజాతి ఆటగాళ్లను జాతీయ జట్టులోకి తీసుకోవడంలో ఉరుగ్వే పొరుగువారికంటే ముందుంది. తరువాతి తరాల్లో హోసె లెయాంద్రో అంద్రాదె, ఒబ్దూలియో వరేలా ఈ దారిలో వచ్చినవారే.

ఆ 1916 టోర్నీ టైటిల్‌తో మొదలుపెట్టి 1926 వరకు ఉరుగ్వే ఆరు సార్లు ఖండ విజేతగా నిలిచింది.

ఒలింపిక్ విజయాలు (1924, 1928)

1924 పారిస్ ఒలింపిక్స్‌కు ఉరుగ్వే వెళ్లగలగడమే ఒక విశేషం. పెన్యరోల్ అప్పటికి సంఘం నుంచి విడిపోయి వేరే సమాఖ్యలో ఆడుతోంది. కనుక ఆ క్లబ్బు ఆటగాళ్లు జట్టులో లేరు. ప్రయాణ ఖర్చుల కోసం సంఘం నాయకుడు అతీలియో నారాన్సియో తన ఇల్లు తాకట్టు పెట్టాడని చెబుతారు. ఆటగాళ్లు ఓడలో మూడో తరగతిలో అట్లాంటిక్ దాటి, స్పెయిన్‌లో దిగి, తొమ్మిది పోటీలు ఆడి అన్నీ గెలిచారు. ఆ రాబడితోనే పారిస్ చేరారు. కెప్టెన్ హోసె నసాజ్జీ చలువరాయి చెక్కే పనివాడు. మిగిలినవారిలోనూ చాలామంది కూలి పనులతో బతికేవారే.

యూరప్‌కు ఆ జట్టు గురించి ఏమీ తెలియదు. తొలి పోటీలోనే యుగోస్లావియాపై 7-0. తరువాత అమెరికాపై 3-0, ఫ్రాన్స్‌పై 5-1, నెదర్లాండ్స్‌పై 2-1. జూన్ 9న కొలంబ్ మైదానంలో జరిగిన ఫైనల్లో స్విట్జర్లాండ్‌పై పెద్రో పెత్రోనె, పెద్రో సెయా, ఆంహెల్ రొమానో గోల్స్‌తో 3-0. బంతిని నేలమీదే ఉంచి పొట్టి పాస్‌లతో కదిలే వీరి తీరు, పొడవుగా తన్ని వెంటపడే ఆటకు అలవాటుపడిన ప్రేక్షకులకు కొత్త. హాఫ్ బ్యాక్ అంద్రాదెను ఫ్రెంచ్ పత్రికలు 'నల్ల అద్భుతం' అన్నాయి. గెలిచిన ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి అభివాదం చేశారు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో విజేతల ప్రదక్షిణకు 'ఒలింపిక్ చుట్టు' అనే పేరు దీని నుంచే వచ్చింది.

ఇంటికి వచ్చాక పొరుగువారు సవాలు విసిరారు. అక్టోబర్ 2న బ్యూనస్ ఎయిరిస్‌లో అర్జెంటీనా ఆటగాడు సెసారియో ఒన్సారీ కార్నర్ కిక్‌ను నేరుగా గోల్‌లోకి పంపాడు. నిబంధనలు దాన్ని అనుమతించి కొన్ని నెలలే అయింది. ఒలింపిక్ విజేతలపై కొట్టిన గోల్ కనుక అలాంటి గోల్‌కు 'ఒలింపిక్ గోల్' అనే పేరు స్థిరపడింది. ఫుట్‌బాల్ పరిభాషలో ఓటమి ద్వారా చేరిన పేరిది.

1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉరుగ్వే నెదర్లాండ్స్, జర్మనీ, ఇటలీలను దాటింది. అర్జెంటీనాతో ఫైనల్ 1-1తో ముగియడంతో మూడు రోజులకు మళ్లీ ఆడించారు. ఎక్తర్ స్కరోనె గోల్‌తో ఉరుగ్వే 2-1తో గెలిచింది.

1930 ప్రపంచ కప్

రెండు ఒలింపిక్ విజయాలు, 1830 జూలై 18న ఆమోదం పొందిన రాజ్యాంగపు శతాబ్ది, వచ్చే జట్ల ప్రయాణ, వసతి ఖర్చులు భరిస్తామన్న ప్రభుత్వ హామీ కలిసి తొలి ప్రపంచ కప్ ఆతిథ్యాన్ని ఉరుగ్వేకు తెచ్చాయి. ఓడ ప్రయాణం వారాల తరబడి సాగేది కావడంతో యూరప్ నుంచి ఫ్రాన్స్, బెల్జియం, రుమేనియా, యుగోస్లావియా మాత్రమే వచ్చాయి. మొత్తం 13 జట్లు. వాస్తుశిల్పి హువాన్ అంతోనియో స్కాసో రూపొందించిన సెంతెనారియో స్టేడియం ప్రారంభ దినానికి సిద్ధం కాలేదు. తొలి పోటీలు చిన్న మైదానాల్లో జరిగాయి. జూలై 18న స్టేడియం తెరుచుకుంది. ఆ రోజు పెరూపై ఏకైక గోల్ కొట్టిన ఎక్తర్ కాస్త్రో బాల్యంలో యంత్రపు రంపం కింద పడి ఒక చేతిని మోచేతి దిగువన కోల్పోయినవాడు. శిబిరం క్రమశిక్షణ తప్పాడన్న కారణంతో ఒలింపిక్ గోల్‌కీపర్ మసాలీని టోర్నీకి ముందే తప్పించారు.

రుమేనియాపై 4-0, సెమీ ఫైనల్లో యుగోస్లావియాపై 6-1 విజయాల తరువాత జూలై 30న అర్జెంటీనాతో ఫైనల్ జరిగింది. ఎవరి బంతితో ఆడాలన్న దానిపై రెండు జట్లకూ రాజీ కుదరలేదు. మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడారు. విరామానికి 1-2తో వెనుకబడిన ఉరుగ్వే, సెయా, ఇరియార్తె, కాస్త్రో గోల్స్‌తో 4-2కు చేరింది. కోచ్ అల్బెర్తో సుపిసీ. మరుసటి రోజు దేశానికి సెలవు.

చాలా యూరప్ దేశాలు తన ఆహ్వానాన్ని తిరస్కరించినందుకు నిరసనగా ఉరుగ్వే 1934లో ఇటలీకి వెళ్లలేదు. దేశంలో 1932లో మొదలైన వృత్తి ఫుట్‌బాల్ తెచ్చిన చిక్కులూ ఇందుకు తోడయ్యాయి. టైటిల్‌ను కాపాడుకునే ప్రయత్నమే చేయని ఏకైక విజేత ఉరుగ్వే. 1938లోనూ పాల్గొనలేదు.

మరకానా, 1950

1950లో ఫైనల్ అంటూ విడిగా లేదు. నాలుగు గ్రూపుల విజేతలు తమలో తాము ఆడి, పాయింట్ల లెక్కన విజేతను తేల్చుకోవాలి. కొన్ని జట్లు వైదొలగడంతో ఉరుగ్వే గ్రూపులో బొలీవియా ఒక్కటే మిగిలింది. ఉరుగ్వే 8-0తో గెలిచింది. తుది దశలో స్పెయిన్‌తో 2-2 డ్రా, స్వీడన్‌పై చివరి నిమిషాల్లో 3-2 గెలుపు. ఆతిథ్య బ్రెజిల్ మాత్రం స్వీడన్‌పై 7-1, స్పెయిన్‌పై 6-1తో దూసుకొచ్చింది. జూలై 16న రియో డి జనీరోలోని మరకానాలో బ్రెజిల్‌కు డ్రా చాలు. టికెట్ కొని వచ్చినవారే 1,73,850 మంది. గెలుపు ఖాయమనుకుని కొన్ని పత్రికలు ముందే సంబరం చేసుకున్నాయి.

విరామం ముగిసిన వెంటనే ఫ్రియాసా గోల్‌తో బ్రెజిల్ ఆధిక్యంలోకి వెళ్లింది. కెప్టెన్ ఒబ్దూలియో వరేలా బంతిని చేత పట్టుకుని ఆఫ్‌సైడ్ అంటూ రెఫరీతో వాదనకు దిగాడు. వాదన నెగ్గదని అతనికి తెలుసు. స్టేడియం హోరు తగ్గే వరకు ఆటను ఆపడమే అతని ఉద్దేశమని తరువాతి కథనాలు చెబుతాయి. 66వ నిమిషంలో అల్సీదెస్ గిజ్జా కుడి అంచున దూసుకొచ్చి ఇచ్చిన బంతిని హువాన్ అల్బెర్తో స్కియాఫీనో గోల్ చేశాడు. 79వ నిమిషంలో గిజ్జా మళ్లీ అదే దారిన వచ్చాడు. మళ్లీ మధ్యకే ఇస్తాడని ఊహించి గోల్‌కీపర్ బర్బోసా ఒకడుగు ముందుకు జరిగాడు. గిజ్జా బంతిని అతనికీ దగ్గరి స్తంభానికీ మధ్య ఉన్న సందులోంచి పంపాడు. పోటీ 2-1తో ముగిసింది. ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమె గందరగోళం మధ్యే కప్పును వరేలా చేతికిచ్చాడు.

ఈ ఓటమిని బ్రెజిల్‌లో 'మరకనాసో' పేరుతో తలుచుకుంటారు. తెల్ల చొక్కా అపశకునమనే భావన బలపడి, 1953లో ఒక పత్రిక కొత్త దుస్తుల నమూనాకు పోటీ పెట్టింది. గెలిచిన పసుపు చొక్కాను గీసిన అల్దీర్ గార్సియా ష్లీ, ఉరుగ్వే సరిహద్దులో ఉన్న బ్రెజిల్ పట్టణం జగ్వరావ్ వాసి. గిజ్జా 2015 జూలై 16న, సరిగ్గా 65 ఏళ్లకు, మరణించాడు. ఆనాటి ఉరుగ్వే జట్టులో చివరి వరకు బతికున్నది అతనే.

ఒలింపిక్స్, ప్రపంచ కప్‌లు కలిపి లెక్కిస్తే, 1924 నుంచి 1954 స్విట్జర్లాండ్ ప్రపంచ కప్ సెమీ ఫైనల్ వరకు ఉరుగ్వే ఆడిన 21 పోటీల్లో ఓటమి లేదు. 19 గెలుపులు, రెండు డ్రాలు. లాసాన్‌లో జరిగిన ఆ సెమీ ఫైనల్లో హంగరీ అదనపు సమయంలో 4-2తో గెలిచి దీనికి తెరదించింది.

క్షీణ దశ (1958–2005)

అర్హత పోటీల్లో పరాగ్వే చేతిలో 0-5 ఓటమితో ఉరుగ్వే 1958 ప్రపంచ కప్‌కు దూరమైంది. 1966లో క్వార్టర్ ఫైనల్స్, 1970లో నాలుగో స్థానం. ఆ తరువాత 1978, 1982, 1994, 1998, 2006 ప్రపంచ కప్‌లలో జట్టు లేదు. 1998 డిసెంబర్‌లో ఫిఫా ర్యాంకు 76కు పడిపోయింది.

ప్రతిభగలవారు వచ్చిన కొద్దీ విదేశీ క్లబ్బులకు తరలిపోవడం ఒక కారణం. ఇది కొత్త సంగతి కాదు. 1938లో ప్రపంచ కప్ గెలిచిన ఇటలీ జట్టులో ఉరుగ్వేలో పుట్టిన ఆంద్రెయోలో ఉన్నాడు. స్కియాఫీనో, గిజ్జా సైతం తరువాత ఇటలీకి ఆడారు. ఇతర దేశాల్లో శిక్షణ, శరీర దారుఢ్యం, వ్యూహం మెరుగుపడడం రెండో కారణం. మూడోది ఆటతీరుకు సంబంధించింది. 'గర్రా చర్రూవా' అంటే ఓటమిని ఒప్పుకోని పట్టుదల. 1935 విజేతల తరువాత ప్రచారంలోకి వచ్చిన ఈ మాట క్రమంగా మొరటు ఆటకు సాకుగా మారింది. 1986లో డెన్మార్క్ చేతిలో 1-6తో ఓడిన జట్టు, తరువాతి పోటీలో స్కాట్లాండ్‌పై తొలి నిమిషంలోనే రెడ్ కార్డ్ చూసింది. స్కియాఫీనో, స్కరోనెల నైపుణ్యాన్ని పక్కనపెట్టి పాత విజయాలన్నిటినీ పట్టుదల ఖాతాలో వేయడం చరిత్రను తప్పుగా చదవడమే.

ఖండ పోటీల్లో మాత్రం జట్టు నిలబడింది. 1983లో బ్రెజిల్‌ను ఓడించి టైటిల్ గెలిచింది. 1987లో సెమీ ఫైనల్లో అర్జెంటీనాను దాని సొంత గడ్డపై ఓడించి, ఫైనల్లో చిలీపై నెగ్గింది. 1995లో మాంటెవీడియోలో ఎన్సో ఫ్రాన్సెస్కోలీ నాయకత్వంలో బ్రెజిల్‌పై పెనాల్టీ షూటౌట్‌లో గెలిచింది.

సైనిక పాలన, బంగారు కప్పు

తొలి ప్రపంచ కప్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1980 డిసెంబర్, 1981 జనవరిలలో మాజీ విజేతల టోర్నీ 'బంగారు కప్పు' మాంటెవీడియోలో జరిగింది. ఇంగ్లండ్ రాకపోవడంతో ఆ స్థానంలో నెదర్లాండ్స్ ఆడింది. దేశం అప్పుడు సైనిక పాలనలో ఉంది. నవంబర్ 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో సైన్యం ప్రతిపాదించిన రాజ్యాంగాన్ని ఓటర్లు తిరస్కరించారు. ఆపై కొద్ది వారాలకే ఉరుగ్వే బ్రెజిల్‌ను 2-1తో ఓడించి కప్పు గెలిచింది. స్టేడియంలో నియంతృత్వం ముగుస్తుందంటూ నినాదాలు వినిపించాయి.

తబారెస్ ప్రణాళిక (2006–2021)

పూర్వం బడిపంతులుగా పనిచేసిన ఆస్కర్ వాషింగ్టన్ తబారెస్‌ను అందరూ 'మాస్టారు' అనే అర్థంలో 'ఎల్ మయేస్త్రో' అంటారు. 1990 ప్రపంచ కప్‌లో జట్టుకు కోచ్‌గా ఉన్న ఆయన 2006లో రెండోసారి బాధ్యత చేపట్టినప్పుడు సంఘం ముందు లిఖిత ప్రణాళిక పెట్టాడు. పిన్న వయసు జట్ల నుంచి ప్రధాన జట్టు దాకా ఒకే శిక్షణ కేంద్రం, ఒకే తరహా ఆట, ఆటగాళ్ల చదువు, నడవడిపై శ్రద్ధ ఇందులో ముఖ్యాంశాలు. చిన్న దేశంలో ఆటగాళ్లు తక్కువ. పదిహేనేళ్ల వయసులోనే గుర్తించి, విదేశాలకు వెళ్లేలోగా జాతీయ జట్టుతో అనుబంధం ఏర్పరచడమే దీని ఉద్దేశం. అండర్-17 జట్టు 2011లో, అండర్-20 జట్టు 2013లో ప్రపంచ కప్ ఫైనల్స్‌కు చేరాయి. అండర్-20 జట్టు 2023లో విజేత అయింది.

2010లో దక్షిణాఫ్రికాలో ఉరుగ్వే నాలుగో స్థానంలో నిలిచింది. ఐదు గోల్స్ చేసిన దియెగో ఫొర్లాన్‌కు టోర్నీ ఉత్తమ ఆటగాడి పురస్కారం దక్కింది. ఘనాతో క్వార్టర్ ఫైనల్లో, అదనపు సమయం చివరి క్షణాన, గోల్‌లోకి వెళ్తున్న బంతిని లూయిస్ సువారెజ్ చేత్తో ఆపి రెడ్ కార్డ్ తీసుకున్నాడు. అసమోవా గ్యాన్ పెనాల్టీ అడ్డకర్రకు తగిలింది. షూటౌట్‌లో ఉరుగ్వే 4-2తో గెలిచింది. దీన్ని ఉరుగ్వేలో త్యాగమనీ, ఘనాలో మోసమనీ అంటారు. నిబంధన ప్రకారం తప్పుకు శిక్ష పడింది, కానీ శిక్ష కంటే లాభమే ఎక్కువైంది.

2011లో అర్జెంటీనాలో ఆతిథ్య జట్టును క్వార్టర్ ఫైనల్లో షూటౌట్‌లో, ఫైనల్లో పరాగ్వేను 3-0తో ఓడించి 15వ ఖండ టైటిల్ గెలిచింది. 2012లో ఫిఫా ర్యాంకు రెండుకు చేరింది. 2014 ప్రపంచ కప్‌లో ఇటలీపై గెలిచిన పోటీలో ప్రత్యర్థి ఆటగాడు కియెల్లినీని కొరికినందుకు సువారెజ్‌పై తొమ్మిది అంతర్జాతీయ పోటీల నిషేధం పడింది. 2018లో పోర్చుగల్‌పై రెండు గోల్స్ కొట్టిన ఎడిన్సన్ కవానీ గాయంతో దూరమవడంతో క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో 0-2తో ఓడింది. నరాల జబ్బుతో చేతికర్ర సాయంతో మైదానానికి వచ్చిన తబారెస్‌ను, వరుసగా నాలుగు ఓటముల తరువాత 2021 నవంబర్‌లో తొలగించారు.

బియెల్సా కాలం

దియెగో అలొన్సో కోచ్‌గా 2022 ప్రపంచ కప్‌లో జట్టు గ్రూపు దశలోనే వెనుదిరిగింది. పాయింట్లు, గోల్స్ తేడా సమానమైనా, చేసిన గోల్స్ సంఖ్యలో దక్షిణ కొరియా ముందుంది. 2023 మేలో అర్జెంటీనాకు చెందిన మార్సెలో బియెల్సా బాధ్యత చేపట్టాడు. ఎదుటి జట్టు సగంలోనే ఒత్తిడి తెచ్చి బంతిని లాక్కునే ఆట ఆయన పద్ధతి. ఆ ఏడాదే అర్హత పోటీల్లో బ్రెజిల్‌ను, బ్యూనస్ ఎయిరిస్‌లో అర్జెంటీనాను 2-0 తేడాతో ఓడించారు. 2024 కోపా అమెరికాలో మూడో స్థానం దక్కింది. ఆ తరువాత సువారెజ్ జాతీయ జట్టుకు వీడ్కోలు పలికి, శిబిరంలో కోచ్ వ్యవహార శైలిని బహిరంగంగా విమర్శించాడు. దక్షిణ అమెరికా అర్హత పట్టికలో నాలుగో స్థానంతో ఉరుగ్వే 2026 ప్రపంచ కప్‌కు చేరింది. ఇది జట్టుకు 15వ ప్రపంచ కప్. ఫెదెరికో వల్వెర్దె, రొనాల్ద్ అరౌహో, దార్విన్ నూనెజ్ ఈ తరం ప్రధాన ఆటగాళ్లు.

ఆటగాళ్ల పెంపకం

ఆరు నుంచి పదమూడేళ్ల పిల్లలకు 'బేబీ ఫుట్‌బాల్' పేరుతో దేశమంతటా వారాంతపు పోటీలు జరుగుతాయి. చిన్న మైదానం, పేటకో క్లబ్బు, తల్లిదండ్రులే నిర్వాహకులు. సువారెజ్, కవానీ వంటివారు ఇక్కడి నుంచే పెద్ద క్లబ్బుల యువ జట్లకు వెళ్లారు. వారిని విదేశాలకు అమ్మగా వచ్చే సొమ్ము ఉరుగ్వే క్లబ్బుల ప్రధాన ఆదాయాల్లో ఒకటి. దీనివల్ల దేశవాళీ లీగ్ బలహీనపడింది, జాతీయ జట్టుకు మాత్రం యూరప్ అనుభవం కలిసొచ్చింది.

రికార్డులు, నక్షత్రాలు

అత్యధిక పోటీలు ఆడినది దియెగో గోదిన్ (161). అత్యధిక గోల్స్ సువారెజ్‌వి (69), తరువాత కవానీ (58). కోపా అమెరికా టైటిళ్లలో అర్జెంటీనా 2024లో 16వది గెలిచి ఉరుగ్వేను దాటింది.

చొక్కాపై చిహ్నానికి పైన నాలుగు నక్షత్రాలుంటాయి. రెండు ప్రపంచ కప్‌లకు, రెండు 1924, 1928 ఒలింపిక్స్‌కు. ఆ రెండు ఒలింపిక్ టోర్నీలను ఫిఫాయే నిర్వహించిందనీ, అప్పటికి వేరే ప్రపంచ పోటీ లేదనీ ఉరుగ్వే వాదన. 2021లో రెండు నక్షత్రాలు తొలగించాలని ఫిఫా వైపు నుంచి దుస్తుల తయారీ సంస్థకు సూచన వెళ్లడంతో వివాదం రేగింది. ఉరుగ్వే సంఘం అభ్యంతరం తెలిపింది. నాలుగూ అలాగే ఉన్నాయి.

స్వదేశీ మైదానం

జట్టు సొంత పోటీలు ప్రధానంగా సెంతెనారియోలోనే జరుగుతాయి. ఫిఫా 1983లో దీన్ని ఫుట్‌బాల్ చారిత్రక కట్టడంగా గుర్తించింది. గ్యాలరీల కింద ఫుట్‌బాల్ మ్యూజియం ఉంది. 2030 ప్రపంచ కప్‌కు స్పెయిన్, పోర్చుగల్, మొరాకో ఆతిథ్యమిస్తాయి. శతాబ్ది గుర్తుగా తొలి పోటీల్లో ఒక్కొక్కటి ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేలకు కేటాయించారు. ఉరుగ్వే పోటీకి వేదిక మాంటెవీడియో.